తొలి రజస్వల వయసు, ఆ తర్వాతి జీవక్రియ ఆరోగ్యం: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పరిశీలన

ఆడపిల్లకు మొట్టమొదటి నెలసరి వచ్చే వయసును వైద్యశాస్త్రం తొలి రజస్వల వయసు అంటుంది. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పిల్ల పెద్దమనిషి అయిందంటారు. ఆ వయసుకూ, మరో ముప్పై నలభై ఏళ్లకు ఆమెకు రాగల చక్కెర జబ్బు, రక్తపోటు, గుండె జబ్బులకూ లంకె ఉందని గత రెండు దశాబ్దాల్లో చాలా దేశాల పరిశోధనలు చూపాయి. లంకె ఉందన్న సంగతి మీద ఇప్పుడు పెద్దగా తగవు లేదు. అది ఏ రకం లంకె అన్నదే తగవు. తొందరగా పెద్దమనిషి కావడమే ఒంటికి చేటు తెస్తుందా, లేక అంతకు ముందు పదేళ్లూ ఆ ఒళ్లు ఎలా పెరిగిందో ఆ వయసు చెబుతుందా? సాక్ష్యమంతా దగ్గర పెట్టుకుని చూస్తే రెండో మాటకే బలం ఎక్కువ. అది ఒప్పుకుంటే ఈ ప్రాంతంలో ఆరోగ్య కార్యకర్తలు, బడులు, కన్నవాళ్లు ఎక్కడ చూపు పెట్టాలో కూడా మారిపోతుంది. పన్నెండో ఏట వచ్చిన నెలసరిని చూసి కంగారు పడడం కన్నా, రెండో ఏట ఆగిపోయిన ఎత్తునూ ఏడో ఏట ఒక్కసారిగా పెరిగిన బరువునూ పట్టించుకోవడం మేలవుతుంది.

ముందు ఒంటి లోపల జరిగే పని చూద్దాం. పిల్లకు రొమ్ములు మొగ్గ తొడిగిన రెండు, రెండున్నర ఏళ్లకు నెలసరి మొదలవుతుంది. ఎత్తు జోరుగా పెరిగే దశ అప్పటికే దాటిపోతుంది. ఆ తర్వాత పెరిగేది సాధారణంగా కొద్ది సెంటీమీటర్లే. ఈ క్రమాన్ని మొదలుపెట్టే ఆజ్ఞ మెదడులోని హైపోథాలమస్ నుంచి వస్తుంది. ఒంట్లో నిలవలు చాలినంత ఉన్నాయని తెలిస్తేనే అది ఆజ్ఞ ఇస్తుంది. 1970లో రోజ్ ఫ్రిష్, రోజర్ రెవెల్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక నిర్దిష్ట బరువు చేరితే నెలసరి వస్తుందని ప్రతిపాదించారు. ఆ లెక్క అంత ముక్కుసూటిగా నిలవలేదు గానీ, దాని వెనకున్న ఊహ నిలిచింది. 1994లో లెప్టిన్ బయటపడింది. కొవ్వు కణాలు విడుదల చేసే ఈ హార్మోను ఒంట్లో ఎంత నిలవ ఉందో మెదడుకు తెలియజేస్తుంది. 2003లో కిస్‌పెప్టిన్ అనే మరో సంకేతం పాత్ర తేలింది. యవ్వనారంభానికి తలుపు తీసేది ఇదే. 2021లో ఎంసీ3ఆర్ అనే జన్యువు ఒంటి పోషణ స్థితిని ఎత్తుతోనూ యవ్వనారంభంతోనూ ముడిపెడుతుందని కనుగొన్నారు. అంటే తిండికీ, కొవ్వుకూ, నెలసరికీ మధ్య ఉన్నది లోకోక్తి కాదు, నాడీకణాల స్థాయిలో కనిపించే తీగ. దీనికి తోడు మరో విశేషముంది. యవ్వనం నడిమధ్యన ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో సైతం ఇన్సులిన్ పనితనం దాదాపు మూడో వంతు తగ్గి, ఎదుగుదల ముగిశాక మళ్లీ కుదురుకుంటుంది. అప్పటికే నడుము చుట్టూ కొవ్వు చేరిన పిల్లకు ఆ కుదురుకోవడం సగంలో ఆగిపోవచ్చు.

తొలి రజస్వల వయసు కాలంతో పాటు దిగుతూ వస్తోంది. పందొమ్మిదో శతాబ్దపు నడిమిలో ఉత్తర ఐరోపాలో పేదింటి పిల్లలకు 15, 16 ఏళ్లకు గానీ నెలసరి వచ్చేది కాదు; ఇరవయ్యో శతాబ్దం మలి సగానికి అది 13కు చేరింది. మన దేశంలో ఆ దిగుడు నెమ్మది. 2005 నాటి భారత మానవాభివృద్ధి సర్వే ఆధారంగా చేసిన లెక్కలో, 1955-64 మధ్య పుట్టిన స్త్రీల సగటు 13.83 ఏళ్లు, 1985-89 మధ్య పుట్టినవారిది 13.62 ఏళ్లు. అంటే పదేళ్లకు ఒక నెల చొప్పున. వినడానికి స్వల్పమే. కానీ సగటు కింద రెండు వేర్వేరు కథలు దాగి ఉంటాయి. పట్టణపు మధ్యతరగతి ఇంట్లో పదకొండు దాటకుండానే అయ్యే పిల్ల ఒకరైతే, నల్లమల అంచు గూడెంలో పదిహేను దగ్గరపడుతున్నా కాని పిల్ల ఇంకొకరు. ఇద్దరినీ కలిపి భాగిస్తే వచ్చే అంకె ఇద్దరిలో ఎవరినీ చూపదు.

నంద్యాల మైదానంలో తిండి మారిన తీరు ఈ చర్చకు అవసరం. కుందూ నది పరీవాహకంలోని ఈ నల్లరేగడి నేలల్లో జొన్న, కొర్ర ప్రధాన పంటలుగా ఉండేవి. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో వచ్చిన కర్నూలు-కడప కాలువ, అటుపైన తెలుగుగంగ నీళ్లు వరి విస్తీర్ణాన్ని పెంచాయి. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో కాలువ లేని మెట్ట పల్లెల పళ్లెంలోకి కూడా వరి అన్నం రోజూ వచ్చింది. ఆకలి తగ్గింది. ఇది చిన్న లాభం కాదు, దీన్ని తక్కువ చేసి మాట్లాడేవారు ఆ ముందటి కరువులను మరిచారనుకోవాలి. అయితే జొన్నరొట్టె, కొర్రన్నం, పప్పు, ఆకుకూర ఉండే భోజనం క్రమంగా తెల్లన్నం కుప్పగా మారింది, పప్పు పలచనైంది, బడి గేటు ముందు పది రూపాయల చిప్స్ పొట్లాలు వేలాడసాగాయి. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది లాంటి కొర్ర రకాలను విడుదల చేస్తూనే ఉన్నా, పెద్ద పట్టణాల్లో కొర్రలు షుగర్ రోగుల కోసం ఖరీదైన సరుకయ్యాయి. పండిన చోటనే పిల్లల పళ్లెంలో అవి అరుదు కావడం ఈ కథలోని వింతల్లో ఒకటి.

ఇక సాక్ష్యం. ఐరోపాలో ఎనిమిది దేశాల స్త్రీలను పరిశీలించిన ఇంటర్‌యాక్ట్ అధ్యయనం 2013లో వెలువడింది. 8-11 ఏళ్ల మధ్య రజస్వల అయినవారికి, 13వ ఏట అయినవారితో పోలిస్తే, రెండో రకం మధుమేహం 70 శాతం ఎక్కువగా వచ్చింది. పెద్దయ్యాక ఉన్న లావును లెక్కలోంచి తీసేస్తే ఆ తేడా 42 శాతానికి తగ్గింది గానీ పోలేదు. 2010లో అచ్చయిన అమెరికన్ నర్సుల అధ్యయనాల్లో మొదటి దాంట్లో 18 శాతం, రెండో దాంట్లో 40 శాతం అధికం కనిపించింది. ఏళ్ల తరబడి మారుతూ వచ్చిన బరువును లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా దాదాపు మాయమైంది. బ్రిటన్‌లో పది లక్షలకు పైగా స్త్రీలను అనుసరించిన అధ్యయనం 2015లో మరో మలుపు చూపింది. 10 ఏళ్లకో అంతకు ముందో అయినవారికీ, 17 ఏళ్లకో ఆ తర్వాతో అయినవారికీ గుండె జబ్బు ముప్పు 13 ఏళ్లకు అయినవారి కన్నా పాతిక శాతం చొప్పున ఎక్కువ. గీత రెండు చివరలా పైకి లేచింది. త్వరగా అవడమే విషమైతే ఆలస్యంగా అయినవారు అందరికన్నా క్షేమంగా ఉండాలి. వారు అలా లేరు. ఈ ఒక్క గీతే నెలసరి వయసును సూటిగా కారణం అనుకునేవారి వాదాన్ని బలహీనపరుస్తుంది. రెండు చివరలా రెండు రకాల బాల్యాలున్నాయని సూచిస్తుంది.

జన్యు పరిశోధన కూడా ఇటే తోస్తోంది. 2017లో దాదాపు మూడు లక్షల డెబ్బై వేల మంది స్త్రీల జన్యు సమాచారంతో రజస్వల వయసును ప్రభావితం చేసే 389 స్థానాలను గుర్తించారు. 2024లో ఎనిమిది లక్షల మందితో ఆ సంఖ్య వెయ్యి దాటింది. వాటిలో చాలా స్థానాలు ఒంటి బరువును శాసించే జన్యువులతో కలగలిసి ఉన్నాయి. పుట్టుకతో వచ్చే జన్యు తేడాలను సహజ ప్రయోగంలా వాడుకుని కారణాన్ని వెతికే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతిలో చూసినప్పుడు, ఎనిమిదో ఏటి లావును లెక్కలోకి తీసుకుంటే, రజస్వల వయసు పెద్దయ్యాక లావుపైన, రక్తంలోని కొవ్వులపైన చూపే ప్రభావం చాలావరకు కరిగిపోయింది. పూర్తిగా కరగలేదని వాదించేవారున్నారు. ఈస్ట్రోజన్ ప్రభావం ముందుగా మొదలవడం వల్ల రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుందన్నది వేరే సంగతి, అక్కడ రజస్వల వయసుకు సొంత పాత్ర ఉంది. జీవక్రియ విషయంలో మాత్రం బరువంతా నెలసరికి ముందటి బాల్యం మీదే పడుతోంది.

మన వైపు పిల్లల సంగతికి వస్తే ఈ బాల్యం పాశ్చాత్య బాల్యం కాదు. ఇక్కడ ఒకే పిల్ల మొదట చాలని తిండితోనూ, తర్వాత మితిమీరిన తిండితోనూ పెరగగలదు. పుణె దగ్గరి పల్లెల్లో 1993 నుంచి తల్లులనూ బిడ్డలనూ అనుసరించిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం, అక్కడి శిశువులు ఇంగ్లండ్ శిశువుల కన్నా బరువులో చాలా తక్కువైనా, చర్మం కింది కొవ్వులో అంత వెనకబడిలేరని గమనించింది. సన్నగా కనబడే ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ. ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి కొలతలు తీసిన 1,492 మందిని 26-32 ఏళ్ల వయసులో పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనం దీనికి కొనసాగింపు చెప్పింది. ఆ వయసుకే మధుమేహమో దాని ముందు దశో వచ్చినవారు రెండో ఏట బక్కపలచగా ఉండి, అప్పటి నుంచి పన్నెండో ఏటి వరకూ తోటివారి కన్నా వేగంగా ఒళ్లు చేస్తూ వచ్చినవారు. చిన్నప్పుడు లావుగా ఉన్నవారు కారు వాళ్లు. పన్నెండో ఏట కూడా వారిలో ఎక్కువమంది లావు కాదు. ముప్పు ఉన్నది మలుపులో, ఎక్కిన వేగంలో.

ఆ మలుపే నెలసరిని ముందుకు లాగుతుందనడానికి స్వీడన్ నుంచి ఒక బలమైన ఆధారముంది. మన దేశంలో పుట్టి, శైశవంలో పోషణ లోపంతో కుంగి, స్వీడిష్ కుటుంబాలకు దత్తత వెళ్లిన 107 మంది ఆడపిల్లలను లెమ్మ్ ప్రూస్ బృందం పరిశీలించి 1991లో ఫలితాలు వెల్లడించింది. సమృద్ధమైన తిండి దొరకగానే వారు వడివడిగా పెరిగారు. వారి రజస్వల వయసు మధ్యస్థం 11.6 ఏళ్లు, ఒకరికి 7.3 ఏళ్లకే వచ్చింది. అదే కాలంలో స్వీడన్ పిల్లలకు అది 13 దగ్గర ఉండేది, భారతదేశంలో కలిగిన ఇళ్ల పిల్లలకు పన్నెండు దాటి పదమూడు లోపు. అంటే జాతి వల్ల కాదు, కేవలం బాగా తిన్నందువల్లా కాదు. లేమి తర్వాత వచ్చిన వరద వల్ల. ఎదుగుదల త్వరగా ముగియడంతో వారిలో చాలామంది పొట్టిగానే మిగిలారు. ఊరి నుంచి నంద్యాలకు కాపురం మారి, అంగన్‌వాడీ వయసులో ఆగిన ఎత్తుతో బడిలో చేరి, ఆపైన నూనెతిండి, కూల్‌డ్రింకులు, ఆటలేని సాయంత్రాల మధ్య పెరిగే పిల్లకు ఈ కథ అంత దూరం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివారు; అదే సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం అధిక బరువువారు, 14.8 శాతం బక్కచిక్కినవారు, 58.8 శాతం రక్తహీనులు. ఒకే రాష్ట్రం, చాలాసార్లు ఒకే ఇల్లు. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి ఆ సర్వేలో ఇది ఇంకా కర్నూలులో కలిసే ఉంది. కాలువ కింది సిరివెళ్ల, నల్లమల అంచున ఉన్న రుద్రవరం, మెట్ట భూముల పత్తికొండ అన్నీ ఒకే అంకెలో కలిసిపోయాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. తిండి పెరిగితే నెలసరి ముందుకొస్తుంది, ముందుకొస్తే షుగర్ ముప్పంటున్నారు. అలాగైతే పేద పిల్లలకు గుడ్డు, పాలు పెట్టడం వారికి చేటు చేయడమా? దీనికి జవాబు తెలుగు పల్లెల్లోనే దొరికింది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన నడిపింది. 15 పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ అదనపు తిండి అందింది. మిగతా 14 పల్లెలకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వారయ్యాక 1,165 మందిని పరీక్షించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. తిండి అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. వారి ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా తక్కువే. ఒళ్లు మాత్రం అదనంగా చేయలేదు. కడుపులో ఉన్నప్పుడూ, మొదటి అయిదేళ్లలోనూ అందిన తిండి ఎత్తుగా, కండగా మారింది. అదే కెలోరీలు ఆలస్యంగా, తీపిగా, కదలిక లేని ఒంట్లోకి వస్తే కొవ్వవుతాయి. కాబట్టి అంగన్‌వాడీ గుడ్డుకూ, బడి భోజనంలోని రాగిజావకూ వ్యతిరేకంగా ఈ శాస్త్రాన్ని వాడడం దాన్ని తలకిందులు చేయడమే. పిల్లలకు మాంసకృత్తులు ఎక్కువైతే నెలసరి కొన్ని నెలలు ముందుకు రావచ్చని జర్మనీ, బ్రిటన్ పరిశీలనలు చెప్పిన మాట నిజం. కానీ ఎత్తుతో, కండతో వచ్చే ఆ కొద్ది నెలలు వేరు, నడుము కొవ్వుతో వచ్చే రెండేళ్లు వేరు.

ఇదే చోట బ్రాయిలర్ కోడి ముచ్చట కూడా తేల్చేయాలి. కోళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తారనీ, ఆ మాంసం తినే ఆడపిల్లలు తొందరగా అవుతున్నారనీ నంద్యాల నుంచి నెల్లూరు దాకా వినిపిస్తుంది. బ్రాయిలర్ ఆరు వారాల్లో ఎదగడానికి కారణం తరతరాల జాతి ఎంపిక, లెక్కగట్టిన మేత. వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కోదానికి రోజూ సూది వేయడం గిట్టుబాటయ్యే పనే కాదు. ఎదుగుదల హార్మోను మాంసకృత్తి గనుక తిన్నా కడుపులోనే జీర్ణమైపోతుంది. కోళ్లకు యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడడం నిజమైన సమస్యే, దానికి భయపడవలసిన కారణాలు వేరే ఉన్నాయి. కరోనా లాక్‌డౌన్ కాలంలో ఇటలీలోనూ, మన పుణెలోనూ అకాల యవ్వనంతో ఆసుపత్రులకొచ్చిన ఆడపిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆ ఏడాదిలో మారింది కోళ్ల మేత కాదు. పిల్లల ఆట, నిద్ర, బరువు.

మరో అభ్యంతరం పద్ధతికి సంబంధించింది. ముప్పై ఏళ్ల కిందటి తేదీని ఎవరు గుర్తుంచుకుంటారు? బ్రిటన్‌లో 1946లో పుట్టినవారిని అనుసరించిన అధ్యయనంలో, బడి వయసులో నమోదైన రజస్వల వయసూ, వారే నలభై ఎనిమిదేళ్లకు గుర్తుచేసుకున్నదీ ఓ మోస్తరుగానే సరిపోయాయి. అయితే తెలుగు ఇళ్లలో ఈ ఘటన మౌనంగా గడిచిపోయేది కాదు. పంచాంగాల్లో ప్రథమ రజస్వలా ఫలాలకు ప్రత్యేకంగా చోటుంటుంది. ఏ తిథి, ఏ వారం, ఏ నక్షత్రం, పిల్ల ఒంటి మీద ఏ రంగు బట్ట ఉందో కూడా పురోహితుడు అడుగుతాడు. పిల్లను విడిగా కూర్చోబెట్టడం, పసుపు నీళ్ల స్నానం, నువ్వులూ బెల్లమూ దంచిన ఉండలు, మేనమామ తెచ్చే చీర, కలిగినవారైతే కల్యాణమండపంలో విందు, వీధి మలుపులో పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ. ఆ ఫొటోల ఆల్బం అటక మీద ఉంటుంది. వేడుక జరపడం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. పరిశోధకుడికి మాత్రం ఇంత కచ్చితమైన తేదీ ఐరోపాలో దొరకదు. ఈ ప్రాంతంలో వయసు తప్పుగా చెప్పే అవకాశం జ్ఞాపకం వల్ల కన్నా, పుట్టిన తేదీ బడిలో చేర్చేటప్పుడు ఇష్టం వచ్చినట్టు రాయించడం వల్లే ఎక్కువ.

వేడుకలో పెట్టే నువ్వులు, నెయ్యి, ఎండుకొబ్బరి గురించి వైద్యులు కొందరు విసుక్కుంటారు. తొమ్మిది రోజులో పదకొండు రోజులో తిన్న నెయ్యి ఎవరి భవిష్యత్తునూ మార్చదు. మార్చేది ఆ తర్వాత మొదలయ్యే కట్టడి. నిన్నటిదాకా కబడ్డీ ఆడిన పిల్లను వీధిలోకి పోవద్దంటారు, సైకిలు తమ్ముడిదవుతుంది, బడి నుంచి రాగానే ఇంటిపని, టీవీ, ఫోను. ఒంట్లో ఇన్సులిన్ పనితనం తగ్గి ఉన్న అదే రెండేళ్లలో కదలిక కూడా తగ్గుతుంది. ఆపైన పెళ్లి. బంగ్లాదేశ్‌లో ఎరికా ఫీల్డ్, అట్టిలా ఆంబ్రస్ 2008లో చూపినట్టు, రజస్వల ఆలస్యమైన పిల్లకు పెళ్లీ ఆలస్యమవుతుంది, ఆ మేరకు చదువూ పెరుగుతుంది. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతానికి 18 నిండకుండానే పెళ్లయిందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల వివాహ వయసును పద్నాలుగుగా పెట్టినప్పుడు, రజస్వలకు ముందే పెళ్లి జరగాలన్న శాస్త్రాన్ని పట్టుకుని పెద్దఎత్తున ఎదిరించారు. ఇప్పుడు క్రమం తిరగబడింది గానీ రజస్వల ఇంకా గడియారంలాగే పనిచేస్తోంది. ఎదుగుదల పూర్తికాని ఒంట్లో కాన్పు, గర్భిణీ దశలో షుగర్, బక్క బిడ్డ, ఆ బిడ్డ ఆడపిల్లయితే మళ్లీ అదే మలుపు. త్వరగా రజస్వల కావడం తనంతట తాను చేయని కీడును, దానికి సమాజం ఇచ్చే జవాబు చేయగలదు.

నెలసరులు ముగిసే రెండో కొసన ఇంకో సంగతి ఉంది, మన దగ్గర ఇది మరీ ముఖ్యం. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల పాలు అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 15-49 ఏళ్లవారిలో వందకు దాదాపు తొమ్మిది మంది. ఎక్కువ ఆపరేషన్లు నలభై దాటకుండానే జరుగుతున్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ రక్షణ ఒక్క రోజులో పోతుంది; ఉంచినా అవి కొంత ముందుగానే అలసిపోతాయి. చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్నవారికి రక్తపోటు, గుండె జబ్బు ముప్పు ఎక్కువని బయటి దేశాల దీర్ఘకాల పరిశీలనలు చెబుతున్నాయి. కూలికి వెళ్లే స్త్రీకి తెల్లబట్టో, అధిక రక్తస్రావమో వస్తే మందులతో తగ్గేదానికి కూడా సంచి తీయించేస్తే పోతుందన్న సలహా సులభంగా దొరుకుతుంది. ఈ ప్రాంతపు నలభై ఏళ్ల స్త్రీకి షుగర్ కనబడినప్పుడు ఆమె పన్నెండో ఏటిని మాత్రమే వెతకడం సగం చూపే.

మరి ఈ జ్ఞానం ఆచరణలో ఎక్కడ ఒదుగుతుంది? ముప్పై దాటినవారి దగ్గరికి ఆశా కార్యకర్త ఒక ఫారం పట్టుకుని వస్తుంది. పొగాకు, మద్యం, వారానికి 150 నిమిషాల కదలిక, ఇంట్లో ఎవరికైనా షుగరో బీపీయో ఉందా అన్న ప్రశ్నలు, నడుము కొలత. స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపుతారు. ఇందులో రజస్వల వయసు కూడా చేర్చాలని కొందరు సూచించవచ్చు. చేరిస్తే నష్టం లేదు, లాభమూ కొంతే. పదమూడో ఏట అయిన స్త్రీలు వంద మందిలో పది మందికి షుగర్ వస్తుందనుకుంటే, ముప్పు 30 శాతం పెరిగినా త్వరగా అయిన వంద మందిలో పదమూడు మందికి వస్తుంది. ఎనభై ఏడు మందికి రాదు. నడుము టేపు, తల్లికి షుగర్ ఉందా అన్న ప్రశ్న దీనికన్నా ఎక్కువ చెబుతాయి. దీని అసలు ఉపయోగం ముప్పైకి ముందు. పదకొండుకు లోపు అయి, నడుము పెరిగి, తల్లికి షుగర్ ఉన్న అమ్మాయిని ముప్పై దాకా ఆగకుండా ఇరవైల్లోనే పరీక్షించడం, గర్భం నిలిచిన మొదటి సందర్శనలోనే 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేసి, 24-28 వారాల మధ్య మళ్లీ చేయడం సబబు. ఈ గ్లూకోజు పరీక్ష ప్రభుత్వ మార్గదర్శకాల్లో గర్భిణులందరికీ ఉన్నదే, అమలు కావాలంతే.

వైద్యుడికి చూపించవలసిన హద్దులు కూడా స్పష్టంగానే ఉన్నాయి. ఎనిమిదేళ్లు నిండకుండా రొమ్ములు పెరగడం మొదలైనా, పదేళ్లలోపు నెలసరి వచ్చినా, పదిహేను నిండినా రాకపోయినా పరీక్ష చేయించాలి. చివరిదాన్ని మన దగ్గర ఆలస్యమేలే అని వదిలేస్తారు. థైరాయిడ్, తీవ్ర రక్తహీనత, క్రోమోజోముల తేడా ఏదైనా దాని వెనక ఉండవచ్చు. ఈ రెండు చివరల మధ్య ఉన్న పిల్లల విషయంలో మాత్రం నెలసరి తేదీ కన్నా ముందటి కొలతలే పనికొస్తాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. అంగన్‌వాడీ పుస్తకంలోని రెండో ఏటి ఎత్తు, ఒకటో తరగతి బరువు, ఆరో తరగతి బరువు ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటే, ఢిల్లీలో ముప్పై ఏళ్లు వేచి కనుక్కున్న మలుపును ఆళ్లగడ్డ ఉన్నత పాఠశాలలో ఏ టీచరైనా పదో ఏటే చూడగలరు. ఇప్పుడు ఆ మూడు అంకెలూ మూడు వేర్వేరు రిజిస్టర్లలో ఉన్నాయి. 2023లో నంద్యాలలో తెరిచిన ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులకు పల్లెల్లో చేయవలసిన క్షేత్రపని ఎలాగూ ఉంటుంది. వాటిని ఒక్కచోటికి చేర్చడం దానితోనే మొదలుపెట్టవచ్చు.